నోటికొక గడి

నోరు మంచిదైన ఊరు మంచిదగునని మన పెద్దలు చెప్పుదురు. ఆ సామెత మాటతీరునకు సంబంధించినదని చాలకాలము తలచితిని. మంచము పట్టిన మా అమ్మగారికి సేవచేసిన దినములలో దానికి మఱియొక యర్థము బోధపడెను.

మేము మూడు తరములుగా ఒడిశాలోని బరంపురమున నున్న తెలుగువారము. పక్షవాతముచే కుడివైపు పడిపోయిన అమ్మకొఱకు ఒక ఒడియా నర్సును పగటి సేవకు కుదుర్చుకొంటిమి. ఆమె పనిమంతురాలు. నాడి, రక్తపుపోటు చూచి పట్టికలో వ్రాయును. వీపు పుండ్లు పడకుండ వేళకు ప్రక్కకు త్రిప్పును. నోటి జోలికి మాత్రము పోదు. ఉదయమున గ్రుక్కెడు నీటితో పుక్కిలింపజేసిన ఆ పని తీరినట్లే. వేపపుల్లతో పండ్లు తోమి, దానినే చీల్చి నాలుక గీసికొననిదే కాఫీ ముట్టని యిల్లాలికి ఆ గతి పట్టినది.

క్రమముగా అమ్మ అన్నము తగ్గించెను. మాటయు తగ్గెను. వయస్సని మేమందఱము సరిపెట్టుకొంటిమి. ఒకనాడు దంతవైద్యుడు వచ్చి పైవరుస పెట్టుడు పండ్లను తీయగా, వాని క్రింద అంగిలి యెఱ్ఱగా పూసియుండెను. ఎన్ని రాత్రులు ఆ పండ్లతోనే నిద్రించినదో!

నర్సుపై కోపగించితిని. ఆమె తలవంచుకొని, “శిక్షణలో నేర్పిరి. కాని యిండ్లలో ఎవరును అడుగరు. మావుసీ పెదవులు బిగించిన, వలదనుచున్నారని మానితిని. పెద్దవారి నోట వ్రేలు పెట్టుట అమర్యాద గదా!” అనెను. నా కోపము నామీదికే మఱలెను. ఆ పట్టికలో జ్వరమునకు గడి కలదు, మలమూత్రములకు గడి కలదు, నోటికి లేదు. పట్టికను గీసినవాడను నేనే.

ఇది శుభ్రతకు మాత్రమే చెందిన విషయము కాదు. నోట పెరిగిన సూక్ష్మజీవులు లాలాజలముతో శ్వాసనాళమున జాఱిన న్యుమోనియా కలుగవచ్చును. మ్రింగుట కష్టమైన పక్షవాతరోగులకు ఆ యపాయ మెక్కువ. 2002లో వెలువడిన జపాను పరిశోధనలో, 11 వృద్ధాశ్రమములందు రెండేండ్లు పరిశీలింపగా, నోటిసేవ పొందినవారిలో నూటికి 11 మందికి, పొందనివారిలో 19 మందికి న్యుమోనియా సోకెను.

మఱునాడే పట్టికలో నొక గడి గీసితిని. నర్సు అమ్మను కూర్చుండబెట్టి, తల కొంచెము ముందునకు వంచి, “మావుసీ, నోరు తెఱతురా?” అని యడిగి, మెత్తని బ్రష్షుతో తోమసాగెను. రాత్రివేళ పండ్లు తీసి కడిగి నీటిలో నుంచుట నా వంతు.

పదునైదు దినములు గడచినవి. ఒక ఉదయమున అమ్మ, “అమ్మాయీ, కాఫీకి రుచి వచ్చినదే” అనెను. నర్సునకు తెలిసిన తెలుగు స్వల్పము. కాఫీ యను మాట యొక్కటి యందినది కాబోలు. గడిలో గుర్తు పెట్టుచు నవ్వెను.