చింతపిక్కల డబ్బా

"తెలుగు టీచర్లు గైడ్లు ముందరేసుకొని పాఠం చెప్తున్నరని రాసినవట గదా! ఒక్కరోజు వచ్చి మా వెనక బెంచీల కూసో. తర్వాత ఏమన్న రాసుకో" అంది అక్క ఫోన్లో. మా పెద్దమ్మ కూతురు. జగిత్యాల జిల్లాలో ఒక పల్లెటూరి జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు చెబుతుంది. గొంతులో కోపం కంటే నొప్పి ఎక్కువ వినిపించింది. జనవరిలో ఒక మంగళవారం పొద్దున్నే బస్సెక్కాను.

నేను వెళ్లేసరికి పదో తరగతి పిల్లలు కవి పరిచయం అప్పజెబుతున్నారు. "ఎర్ర పావురాలు, మంటల జెండాలు, చురకలు, రక్తరేఖ, సంక్షోభ గీతం..." ఎక్కాలు చదివినట్టు అందరిదీ ఒకటే రాగం. పాఠం 'నగరగీతం'. కవి అలిశెట్టి ప్రభాకర్. ఆయనది జగిత్యాల అని పుస్తకంలోనే ఉంది, అదీ అప్పజెప్పారు. "జగిత్యాలలో ఆయన ఫొటో స్టూడియో నడిపేవాడు, తెలుసా?" అని అడిగాను. తరగతి అంతా నన్నే చూసింది. అక్కడినుంచి కరీంనగర్, ఆ తర్వాత హైదరాబాద్. ఎక్కడికి పోయినా చేతిలో కెమెరా, ఒంట్లో క్షయ. 1993 జనవరి 12న, తను పుట్టిన తేదీనాడే, ముప్పై తొమ్మిదేళ్లకు పోయాడు. వీళ్ల ఊరినుంచి బస్సెక్కితే గంట కూడా పట్టని పట్టణపు మనిషి. ఆయన రాసిన పుస్తకాల్లో ఒక్కదాని అట్టయినా చూసిన పిల్లలు ఆ గదిలో లేరు. పేర్లన్నీ తప్పులేకుండా చెబుతున్నారు, పరీక్షలో రాస్తారు, మార్కులూ పడతాయి. నాకు కడుపులో దేవినట్టయింది.

మధ్యాహ్నం స్టాఫ్ రూమ్‌లో కూర్చున్నాను. అక్క తోటి టీచర్‌తో అంటున్న మాట చెవిన పడింది. "స్లిప్ టెస్ట్ పెట్టమంటరు, పెడుత. స్టడీ మెటీరియల్ ఇస్తరు, పంచుత. చదివిపిచ్చెటందుకు టైమ్ ఎవరిస్తరు చెప్పు? గొంతెత్తి ఒక్క పద్యం చదివితె పీరియడ్ అయిపాయె."

ఒకప్పుడు పదో తరగతి పరీక్షల్లో తెలుగుకు రెండు పేపర్లు ఉండేవి. తెలంగాణలో ఇప్పుడు ఒక్కటే. ఆ ఒక్కదానికోసం పిల్లల సంచీల్లో ఉన్న సరంజామా చూశాను. దాదాపు ప్రతి సంచిలో గైడు, దానిమీద క్వశ్చన్ బ్యాంకు, దానిమీద మోడల్ పేపర్ల కట్ట. నిఘంటువు మాత్రం బడి మొత్తానికి ఒకటే. అది హెడ్మాస్టర్ గదిలో బీరువాలో ఉంది. పోతే స్టాక్ రిజిస్టర్‌లో జవాబు చెప్పుకోవాలి కాబట్టి బయటికి రాదట. బహుజనపల్లి సీతారామాచార్యులవారు 'శబ్దరత్నాకరం' అచ్చువేసింది 1885లో. ఇన్నేళ్ల తర్వాత తెలుగు పదానికి తెలుగులో అర్థం చూసుకోవాలంటే పదో తరగతి పిల్లకు తాళంచెవి అడ్డం!

అక్క తన సొంత శబ్దరత్నాకరాన్ని పాత చీరముక్కలో చుట్టి రోజూ తెస్తుంది. ఆ మధ్యాహ్నం దాన్ని వాడడం చూశాను. బలిచక్రవర్తి కథలో వామనుణ్ణి పిలిచే 'వడుగు' అన్న మాట వచ్చింది. గైడు చూసిన పిల్లాడు 'బ్రహ్మచారి' అని టక్కున చెప్పేశాడు. ఇంకో పిల్లతో నిఘంటువు తెరిపించింది. ఉపనయనం అనే అర్థమూ అక్కడుంది. "మా ఊర్ల అయ్యగారింట్ల పిల్లగానికి వడుగు చేసిన్రు టీచర్, మేం భోజనానికి పోయినం" అని వెనకనుంచి ఒకడు అరిచాడు. పోతన పద్యంలోని మాట వాళ్ల ఊరి విందులోకి వచ్చి కూర్చుంది. గైడులో ఆ మాట పక్కన ఒక్క అర్థం, ఒక్క గీత. అది చదివిన పిల్లాడికి ఆ విందు గుర్తుకు రావడానికి సందే లేదు.

సాయంత్రం స్పెషల్ క్లాసులో ఛందస్సు చెప్పడానికి అక్క రేకు డబ్బా తీసింది. లోపల చింతపిక్కలు. ఒకవైపు రాతిమీద అరగదీసినవి, అష్టాచమ్మా ఆడేవాళ్లు తయారుచేసుకునేలాంటివి. తెల్లవైపు గురువు, నల్లవైపు లఘువు. అన్నీ తనే అరగదీసిందట. కుడి బొటనవేలి పక్కన కాయ కాసింది. బెంచికి గుప్పెడు పోసి, "మీరెక్కె బస్సు బోర్డుమీది పేర్లు పేర్చుండి" అంది.

ఒక పిల్ల 'కోరుట్ల' తీసుకుంది. కో తెల్లగా పెట్టింది. రు నల్లగా పెట్టింది, ట్ల కూడా నల్లగా పెట్టింది. అక్క వంగి చూసిందిగానీ తప్పని చెప్పలేదు. "పెద్దగ అను బిడ్డా" అంది. పిల్ల అంది. "ఇంకోసారి." "కోరుట్... ల." ఈసారి నాలుక రు మీద ఆగింది. పిల్ల ముఖం మారింది. వేలితో మధ్య పిక్కను తిప్పేసింది. తెలుపు, తెలుపు, నలుపు. "తగణం టీచర్! కోరుట్ల తగణం!" పక్క బెంచీవాళ్లు జగిత్యాలతో కుస్తీ పడుతున్నారు, గి దగ్గర గొడవ. ధర్మపురి వాళ్లు ముందే పూర్తిచేసి, ఒక గురువు మూడు లఘువులు అని లెక్క చెబుతున్నారు. ఆ ధర్మపురిలోనే శేషప్పకవి నరసింహ శతకాన్ని సీసపద్యాల్లో కట్టాడు. వాళ్లలో ఒకడి తాతకు అందులో చాలా పద్యాలు నోటికొచ్చట. అక్క ఆయన్ని బడికి పిలవాలనుకుంటోంది, సిలబస్ పూర్తయ్యాక.

సంయుక్తాక్షరానికి ముందున్న అక్షరం గురువవుతుందన్న సూత్రం గైడులో ఒక్క వరుసే. కంఠతా పట్టినవాళ్లకు మార్కు వస్తుంది, కాదనను. పరీక్ష తప్పితే పిల్లలకు ఎంత కష్టమో అక్కకు నాకంటే బాగా తెలుసు, అందుకే స్లిప్ టెస్టులూ మానలేదు. కానీ తెలియని గద్యభాగం ఇచ్చి ప్రశ్నలడిగితే గైడు ఏం చేస్తుంది? తన నోటితో చదివి, తన చెవితో విని తప్పు దిద్దుకున్న పిల్లే అక్కడ నిలబడగలుగుతుంది. గొంతెత్తి చదివించే గంట, బల్లమీద తెరిచి ఉంచిన నిఘంటువు, పాఠం రాసిన కవి పుస్తకం ఒక్కటి. ఈ మూడూ ఇవ్వడానికి ఎంత ఖర్చవుతుంది? కట్టలకొద్దీ ప్రశ్నలు అచ్చువేయించే పెద్దలకు ఇవెందుకు గుర్తురావు? నేను అంతకుముందు రాసిన వ్యాసంలో కోపమంతా టీచర్లమీద చూపాను. అది సరికాదు, ఇక్కడ ఒప్పుకుంటున్నాను.

చీకటి పడ్డాక బస్టాపు దాకా అక్క వచ్చింది. "మళ్ల వచ్చెటప్పుడు అలిశెట్టి కవితల పుస్తకం ఒకటి పట్కరా తమ్మీ. పోరగాండ్లు చేతులతోని పట్టుకొని చూస్తరు" అంది.

హైదరాబాద్‌లో నాలుగు దుకాణాలు తిరిగితే దొరికింది. శనివారం బయలుదేరుతున్నాను.