నాగమ్మ ముఖం మీద ఫోన్ నంబరు

ఇక్కడ అమెరికాలో సినిమాలు ఇంటికొచ్చే రోజు మంగళవారం. థియేటర్లో శుక్రవారం పడిన బొమ్మ కొన్ని నెలలకు డిస్కుగా వచ్చేది మంగళవారమే. నెట్‌ఫ్లిక్స్ వాళ్లు పోస్టులో డిస్కులు పంపడం 2023 సెప్టెంబరులో ఆపేశారు. అయినా డల్లాస్ శివార్లలోని మా లైబ్రరీలో డిస్కుల అర ఖాళీ కాలేదు. పోయిన వారం అక్కడ సత్యజిత్ రాయ్ ‘అపు’ సినిమాలు మూడూ ఒకే పెట్టెలో దొరికితే ఇంటికి తెచ్చాను.

పెట్టెలో చిన్న పుస్తకం ఉంది. 1993లో లండన్ ల్యాబులో జరిగిన అగ్నిప్రమాదంలో ఆ సినిమాల నెగెటివ్‌లు కాలిపోయాయి. మిగిలిన ముక్కల్ని పారేయకుండా దాచారు. ఇరవై ఏళ్ల తరవాత ఇటలీలోని బొలోన్యాలో పెళుసుబారిన ఆ ఫిల్ముకు తేమ పట్టించి, చిరుగులు చేత్తో అతికి, ఒక్కో ఫ్రేమూ బాగుచేశారు. చేతిపనికే దాదాపు వెయ్యి గంటలు పట్టిందట. బెంగాలీ రాని దేశంలో ఒక బెంగాలీ సినిమాకి జరిగిన సేవ ఇది. చదువుతుంటే దణ్ణం పెట్టాలనిపించింది.

ఆ రాత్రే మావాడు అడిగాడు. “నాన్నా, మన ఊరిది ఇలాంటి సినిమా లేదా?”

ఎందుకు లేదు! మాది పల్నాడు. ‘పల్నాటి యుద్ధం’ ఉంది, 1947 నాటిది. గూడవల్లి రామబ్రహ్మం మొదలుపెట్టి మధ్యలోనే కన్నుమూస్తే ఎల్.వి.ప్రసాద్ పూర్తిచేశారు. బ్రహ్మనాయుడు గోవిందరాజుల సుబ్బారావు, నాగమ్మ కన్నాంబ, బాలచంద్రుడేమో నవయువకుడైన అక్కినేని. గర్వంగా ఇంటర్నెట్‌లో వెతికి పెట్టాను. కన్నాంబ కళ్లెర్రజేసి నోరు విప్పింది. సరిగ్గా ఆమె పెదవుల మీదుగా ఒక వీడియో కంపెనీ పేరు, దాని వెనకే ఒక ఫోన్ నంబరు నడుచుకుంటూ వెళ్లాయి. పై మూలన ఇంకెవరిదో ముద్ర. రెండు నిమిషాలు కాగానే మళ్లీ అదే నంబరు.

“నాన్నా, ఆ నంబరు ఎవరిది?”

జవాబు చెప్పలేకపోయాను. ఆ మంట ఇంకా చల్లారలేదు. కాలిపోయిన ఫిల్ముకి అక్కడ వెయ్యి గంటలు వెచ్చించారు. నిక్షేపంలాంటి మన సినిమా మీద మనమే పేరు రాసుకున్నాం, బడిపిల్లలు బల్ల మీద చెక్కినట్టు. వీసీడీల కాలంలోనూ ఇంతే. ఒక్కో డిస్కులో గంటంపావుకు మించి పట్టదని పాటలు కోసేవాళ్లు, టైటిల్స్ కోసేవాళ్లు. కెమెరా ఎవరు పట్టారో, మాటలు ఎవరు రాశారో చూసేవాడికి తెలిసేది కాదు. నంబరు మాత్రం ఎవరూ కోయలేదు.

మనవాళ్లకు చేతకాక కాదు, ఆ మాట ఎవరైనా అంటే ఒప్పుకోను. 1957 నాటి ‘మాయాబజార్’కి రంగులద్ది 2010 జనవరిలో థియేటర్లకు తెచ్చింది హైదరాబాద్ గోల్డ్‌స్టోన్ సంస్థే. 2024 సెప్టెంబరులో అక్కినేని శతజయంతికి ఫిల్మ్ హెరిటేజ్ ఫౌండేషన్ వాళ్లు ఆయన సినిమాలు పది ఊరూరా వేశారు. ‘దేవదాసు’ ఉంది, ‘మిస్సమ్మ’ ఉంది. మా బాలచంద్రుడు లేడు. కారంపూడి వీరుల కథను పల్నాడు దాకా వచ్చి విన్న జీన్ రోగేర్ అనే అమెరికన్, దాన్ని ఇంగ్లీషులోకి మార్చి 1982లో పుస్తకంగా తెచ్చాడు. ఆ కథ పాడే వీరవిద్యావంతుల పాటకు దక్కిన ఆ మర్యాద అదే కథ మీద తీసిన సినిమాకి దక్కొద్దా?

అలాగని ఇక్కడి పద్ధతే గొప్పదని ఎలా అనగలను? ఆ అందమైన పెట్టెను ఇంటికి తెచ్చి చూసింది మేమిద్దరమే. మా చిన్నప్పుడు శివరాత్రి జాగారానికి పేట నుంచి రంగుల టీవీ, డెక్కు అద్దెకు తెచ్చేవాళ్లు. టీవీని బొంతలో చుట్టి, పసిబిడ్డను ఎత్తుకున్నట్టు ఒళ్లో పెట్టుకుని రిక్షాలో వచ్చేవాడు డెక్కు కుర్రాడు. కోటప్పకొండ తిరునాళ్లకు ప్రభలు కట్టుకుపోయినవాళ్లు పోగా, ఊళ్లో మిగిలిన ముసలీముతకా, పిల్లాజెల్లా మా వాకిట్లో చాపలేసుకునేవాళ్లు. రాత్రికి మూడు క్యాసెట్లు. బొమ్మ మీద గీతలు పడితే కుర్రాడు మూత తీసి, కొత్త రూపాయి నోటుతో హెడ్డు తుడిచేవాడు. కరెంటు పోతే ఎవరూ లేచేవాళ్లు కాదు, ఆగిన చోటు నుంచి మా నాయనమ్మ కథ అందుకునేది.

ఒక శివరాత్రికి రామారావు, భానుమతి వేసిన ‘పల్నాటి యుద్ధం’ తెచ్చారు. బ్రహ్మనాయుడు అందరినీ ఒకే బంతిలో కూర్చోబెట్టే చాపకూటి ఘట్టం దగ్గర మా నాయనమ్మ తెరకేసి రెండు చేతులూ ఎత్తి మొక్కింది. “నాగులేరు నెత్తురై పారిందిరా, నిన్నగాక మొన్న” అంది నాతో. ఆ బొమ్మ కూడా మసకే, గీతలే. కానీ ఆ మసక వందమంది ఇళ్లలో తిరిగి అరిగిన మసక. నాగమ్మ ముఖం మీద ఎవడూ తన పేరు రాసుకోలేదు.

మావాడు అడిగిందే మనసులో మెదులుతుంటే నిన్న రాత్రి మళ్లీ ఆ సినిమా పెట్టాను. నాగమ్మ దగ్గర ఆపి, నంబరు కాగితం మీద రాసుకున్నాను. ఇండియాలో తెల్లారి దుకాణాలు తీసే వేళ చూసి ఫోన్ చేశాను. ఎవరైనా ఎత్తితే, అయ్యా, శుభ్రమైన ప్రింటు ఒకటి ఉంటే ఇప్పించండి, ఎంతైనా ఇస్తానని అడుగుదామనుకున్నాను.

ఆ నంబరు వాడుకలో లేదంది ఫోను. మావాడికి ఇప్పుడు జవాబు చెప్పగలను. అది ఎవరిదీ కాదు.