ఖాళీ గడి

2 నవంబర్ 2025, ఆదివారం. ఎమ్మిగనూరు

పొద్దున్నే బెంగళూరు బస్సు దిగి మేనల్లుడు వాళ్ల ఇంటికి పోకుండా నేరుగా మా ఇంటికొచ్చాడు. అప్పుడే అనుకున్నా, ఏదో ఉందని. కాఫీ గ్లాసు పట్టుకుని మెల్లగా బయటపెట్టాడు. వచ్చే ఏడు సెప్టెంబర్‌లో నేపాల్‌లో మనస్లు ఎక్కుతాడట. 8,163 మీటర్లు. అది ఎక్కి క్షేమంగా దిగొస్తే ఆ తర్వాత ఎవరెస్ట్. ఎవరెస్ట్‌కు పర్మిట్ ఒక్కటే మొన్న సెప్టెంబర్ నుంచి 15,000 డాలర్లు చేసిందట నేపాల్ ప్రభుత్వం. గుమాస్తా బుద్ధి ఎక్కడికి పోతుంది, వాడి మాట పూర్తికాక ముందే లెక్క కట్టేశా: 13 లక్షల పైచిలుకు.

"మన కర్నూలాయన భరత్ తమ్మినేని పోయిన నెలే చో ఓయు ఎక్కినాడు మామా. ఎనిమిది వేలు దాటినవి లోకం మొత్తానికి 14 కొండలే. ఆయనకు తొమ్మిది అయిపోయినాయి."

జిల్లా పేరెత్తితే నేను మెత్తబడతానని వాడికి తెలుసు. మెత్తబడ్డాను కూడా.

"అమ్మకు చెప్పినావా?"

"నువ్వు చెప్పు మామా."

4 నవంబర్, మంగళవారం. ఆదోని

మార్కెట్ యార్డు నిండా పత్తి. చీకటి పడేదాకా తలెత్తలేదు. పుప్పొడిలా దూది ఎగిరి కనురెప్పలకు అంటుకుంటోంది. మధ్యాహ్నం ఒక హమాలీ లారీ మీదికి వేసిన పలక ఎక్కుతూ మధ్యలో ఆగిపోయాడు. వీపు మీద మూట, మెడ ఒంగిపోయి ఉంది, చూపు పాదాల దగ్గర. నాలుగు ఊపిర్లు లెక్కపెట్టినట్టు తీసుకుని మళ్లీ అడుగేశాడు. రాత్రి అల్లుడు ఫోన్‌లో చూపించిన వీడియోలో బరువు మోస్తున్న షెర్పా కూడా అచ్చం ఇట్లాగే ఆగాడు.

2014 ఏప్రిల్ 18న ఎవరెస్ట్ దారిలో ఖుంబు దగ్గర మంచు విరిగిపడి 16 మంది నేపాలీలు చనిపోయారు, ఎక్కువమంది షెర్పాలే. తాము శిఖరం ఎక్కడానికి కాదు, ఇంకొకరు ఎక్కడానికి కావలసిన సరుకు మోస్తూ పోయారు. ఎక్కినవాడి పేరు పేపర్లో వస్తుంది. తాళ్లు కట్టినవాడి పేరు ఎవరు రాస్తారు? మా కొట్టు చిట్టాలో మాత్రం హమాలీ ఖర్చు అని ఒక గీత ఉంటుంది.

7 నవంబర్, శుక్రవారం. ఎమ్మిగనూరు

నిద్ర పట్టలేదు. మల్లి మస్తాన్ బాబు గుర్తొస్తున్నాడు. నెల్లూరు జిల్లా సంగం దగ్గర గాంధీ జనసంఘం ఆయన ఊరు. ఖరగ్‌పూర్ ఐఐటీ, కలకత్తా ఐఐఎం. ఆ చదువు ఇంకొకరికైతే జీవితమంతా ఏసీ గదిలో కూర్చోబెట్టేది. ఆయన 2006లో జనవరి 19న అంటార్కిటికాలో మొదలుపెట్టి జూలై 10కి అలాస్కాలో ముగించాడు. 172 రోజుల్లో ఏడు ఖండాల ఏడు శిఖరాలు.

కోరుకొండ సైనిక్ స్కూల్లో చదివేటప్పుడు అక్కడ ఉదయభాస్కరరావు విగ్రహం చూసి ఈ పిచ్చి పట్టిందట. అదే స్కూల్లో చదివి సైన్యంలో చేరి, 1985లో ఎవరెస్ట్ మీద ప్రాణం వదిలినవాడు ఆయన. నన్ను ఆ సంగతి వదలడం లేదు. కొండ మీద చనిపోయినవాడి బొమ్మ చూసి మనమైతే పిల్లవాణ్ణి చెయ్యిపట్టి ఇవతలికి లాగుతాం. ఆ పిల్లవాడు కొండవైపు చూశాడు.

2015 మార్చిలో ఆండీస్‌లో ఒంటరిగా ఎక్కుతూ మస్తాన్ బాబు కనబడకుండా పోయాడు. ఏప్రిల్ మొదట్లో దొరికింది శవం. అది ఊరికి చేరేసరికి ఏప్రిల్ చివరివారం. నలభై కూడా నిండలేదనుకున్నా, తీరా లెక్కేస్తే నలభై దాటి ఆరు నెలల పైనే. ఇంత లెక్క నాకెందుకో.

అక్కకు ఇంకా చెప్పలేదు.

9 నవంబర్, ఆదివారం. ఆదోని

అల్లుణ్ణి తీసుకుని రణమండల కొండెక్కా. వాడు మాట్లాడుతూనే ఎక్కుతున్నాడు, నేను మెట్టుకో దేవుణ్ణి తలుచుకుంటున్నా. సగంలో కూర్చున్నాం. కోట వైపు బండలు చూపించి, ఎవరికీ చెప్పని సంగతి చెప్పా. పద్నాలుగేళ్లప్పుడు అక్కడొక గుండు ఎక్కి దిగలేకపోయాను. ఎక్కేటప్పుడు వేళ్లకు దొరికిన పగులు దిగేటప్పుడు కాళ్లకు దొరకలేదు. రాయి కాలి అరచేతులు బొబ్బలెక్కాయి. పొద్దుగూకే వేళ ఒక గొర్రెలాయన గొంగడి మెలిపెట్టి పైకి విసిరి, దాన్ని పట్టించి దింపాడు. తిట్టలేదు. "ఎక్కేకి కండ్లుండాయి గానీ దిగేకి కాళ్లకు కండ్లు లేవు గదప్పా" అన్నాడంతే. ఆ గొంగడి వాసన ఇప్పటికీ గుర్తు.

అల్లుడు నవ్వలేదు. ఎవరెస్ట్ మీద మధ్యాహ్నం రెండింటికి ఎక్కడుంటే అక్కణ్ణించే వెనక్కి తిరగాలని ఒక కట్టుబాటు ఉందన్నాడు. 1996 మే 10న ఆ వేళ దాటినా పైకే పోయినవాళ్లున్నారు. ఆ రాత్రీ మర్నాడూ మంచు తుఫానులో ఎనిమిది మంది పోయారు. అంత ఎత్తున ఊపిరికి అందే ఆక్సిజన్ ఇక్కడిదాంట్లో మూడో వంతే. తిరగాలా వద్దా అని తేల్చుకోవాల్సిన చోటే బుర్ర పనిచేయదన్నమాట.

"నువ్వు తిరుగుతావా?" అని అడిగా.

చాలాసేపు ఊరు వైపు చూశాడు. "అక్కడికి పోతే గానీ తెలీదు మామా."

తిరుగుతానని అబద్ధం చెప్పి ఉంటే ఇవాళే అక్క దగ్గరికి పోయి చెడగొట్టేవాణ్ణి.

ఎందుకురా ఇదంతా అంటే మాలావత్ పూర్ణ పేరు చెప్పాడు. నిజామాబాద్ జిల్లా పాకాల పిల్ల, కూలీల బిడ్డ. 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కేనాటికి పద్నాలుగు నిండలేదు. దారిలో శవాలు చూసి కూడా ముందుకే నడిచింది. ఆ పిల్ల ఎక్కాక తనలాగే గురుకులాల్లో చదివే ఎంతమంది తల ఎత్తి నడిచుంటారు! దానికి నేను ఎదురు చెప్పలేదు. నీ సంగతి అది కాదు గదా, నీకు ఉద్యోగముంది, అన్నా. "నాకు ఇంకే కారణమూ లేదు మామా, ఎక్కాలనుంది" అన్నాడు. అన్ని కారణాల్లోకీ అదే నిజంగా వినబడింది.

16 నవంబర్, ఆదివారం. ఎమ్మిగనూరు

అక్క ఇంట్లో భోజనం. తిన్నాక అక్క కండెలు చుట్టుకుంటూ కూర్చుంది. అల్లుడు నన్ను వసారాలోకి పిలిచి కాగితాలు చేతిలో పెట్టాడు. కొండెక్కించే కంపెనీ వాళ్లు పంపిన ఫారాలు. పేరు, రక్తం గ్రూపు, బీమా. మూడో పేజీలో ఒక ప్రశ్న: మరణిస్తే దేహాన్ని కొండ మీదే వదిలేయాలా, కిందికి తెచ్చి అక్కడే దహనం చేయాలా, ఇంటికి పంపాలా? పక్కన మూడు గడులు. అన్నీ నింపాడు గానీ ఆ మూడూ ఖాళీ.

"ఇది నువ్వు పెట్టు మామా."

ఇంటికి తేవాలంటే మళ్లీ అదే షెర్పాలు ప్రాణం మీదికి తెచ్చుకుని మోయాలి. వదిలేయమంటే అక్కకు నేను ఏ ముఖం పెట్టుకుని చెప్పాలి? పెన్ను మూత తీసి మళ్లీ పెట్టేశా.

రాట్నం చప్పుడు ఆగింది. "ఏం కాగితాలురా అవి?" అంది అక్క లోపల్నుంచి.

"ఎల్‌ఐసీవి అక్కా" అన్నా.