ఏ జంతువుకు ఏ గుండు?

వేట మాట ఎత్తగానే ఈ రోజుల్లో ముఖం చిట్లించేవారే ఎక్కువ. అది న్యాయమే. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చిన తర్వాత మన దేశంలో సరదా షికారుకు కాలం చెల్లింది. చెల్లవలసిందే. అయితే హోసూరు, డెంకణికోట, కృష్ణగిరి, కోలారు ప్రాంతాలలో తరతరాలుగా స్థిరపడిన మన తెలుగు కుటుంబాలలో, అడవి అంచున పొలాలున్న ఇళ్ళలో, ఒకప్పుడు గోడకు తుపాకి వేలాడుతూ వుండేది. దానితోపాటు కొంత జ్ఞానం కూడా వుండేది. తుపాకులు పోలీసు స్టేషనులకు చేరిపోయాయి. ఆ జ్ఞానం పెద్దవాళ్ళతోనే వెళ్ళిపోతున్నది. అందులో ఒక ముక్క మాత్రం దాచుకోదగ్గదని నాకు తోస్తుంది. అది గుండు ఎంపికను గురించినది.

మా పెదనాన్నగారు వేటగాడు కారు, రైతు. డెంకణికోట దగ్గర రాగులూ అనుములూ పండించేవారు. పంటకు కాపలాగా ఆయనకు లైసెన్సుతో ఒక .315 రైఫిలు వుండేది. .303 అనేది సైన్యం వాడే కొలత గనుక దాన్ని మామూలు జనానికి ఇచ్చేవారు కారు. అందుకే మన దేశంలో రైతులకూ షికారీలకూ .315 వాడుకలోకి వచ్చింది. బెంగాలులోని ఈశాపూర్ ప్రభుత్వ కర్మాగారం కూడా తర్వాత ఈ కొలతలోనే రైఫిళ్ళు చేస్తూ వచ్చింది.

తూటా వేరు, గుండు వేరు అని ఆయన మొట్టమొదట నేర్పిన పాఠం. ఇత్తడి గొట్టం, దాని అడుగున రంజకపు బిళ్ళ, లోపల మందు, మూతిలో గుండు, ఈ నాలుగూ కలిస్తే తూటా. తుపాకి పేలినప్పుడు బయలుదేరి పోయేది గుండు ఒక్కటే. దాని బరువును తుపాకుల వాళ్ళు గ్రెయిన్లలో చెబుతారు. పాత తులానికి సరిగ్గా 180 గ్రెయిన్లు. పెదనాన్నగారు మాత్రం కంసాలి లెక్కలోనే చెప్పేవారు. తన .315 గుండు 244 గ్రెయిన్లు, అంటే తులమూ మూడోవంతు పైచిల్లర. బెంగుళూరులో వుండి మన జవలగిరి, అంచెట్టి అడవుల కథలు రాసిన కెన్నెత్ ఆండర్సన్ గారి .405 వించెస్టరు గుండు 300 గ్రెయిన్లు, తులమూ మూడింట రెండు వంతులు. ఏనుగుల కోసం చేసిన జంటగొట్టాల .470 గుండు 500 గ్రెయిన్లు, రెండుంముప్పాతిక తులాల పైమాట. "బంగారమైతే పెళ్ళికూతురికి చెవులకు సరిపోయేది, సీసం గనుక ఏనుగుకు సరిపోయింది" అని నవ్వేవారు.

ఆండర్సన్ గారి కథలను పూర్ణచంద్ర తేజస్వి గారు కన్నడంలోకి తెచ్చారు కాబట్టి కర్ణాటకలోని మన పాఠకులలో చాలామందికి ఆ అడవులు చదివి తెలిసినవే. కథలు చదివేటప్పుడు మన దృష్టి పులి మీద వుంటుంది. గుండు మీద వుండదు.

బరువుకన్నా ముఖ్యమైనది గుండు కట్టుబడి. లోపల సీసం, పైన రాగి కలిసిన లోహపు తొడుగు. తొడుగును మూతి దగ్గర తెరిచి, సీసం కొన కనబడేట్టు వదిలితే అది మెత్తమూతి గుండు. కండను తాకగానే దాని ముందుభాగం పుట్టగొడుగులా విచ్చుకుంటుంది. వెడల్పు ఇంచుమించు రెట్టింపవుతుంది, గాయం పెద్దదవుతుంది, జంతువు త్వరగా పడిపోతుంది. మూతి కూడా పూర్తిగా మూసి, తొడుగు మందంగా చేస్తే అది గట్టిగుండు. అది ఆకారం చెడకుండా, ఎముకను కూడా దాటుకుని, తిన్నగా లోతుకు పోతుంది.

పులి, చిరుత, కణుజు, దుప్పి వంటివాటికి మెత్తమూతి గుండు. ఏనుగుకు గట్టిగుండు. ఏనుగు తల చూడడానికి బండలా వుంటుంది గాని లోపలి ఎముక తేనెపట్టులా గదులు గదులుగా వుంటుంది. మెదడు దాని వెనుక ఎక్కడో లోపల వుంటుంది. అడవిదున్నకు చర్మమూ భుజమూ రెండూ మందమే కాబట్టి బరువైన గుండు కావాలి, అది దారిలో చెదిరిపోకూడదు. జంటగొట్టాల తుపాకి వున్న షికారీలు ఒక గొట్టంలో మెత్తది, రెండోదానిలో గట్టిది పెట్టుకుని వెళ్ళడం కూడా వాడుకే. "పులికి గట్టిగుండు వేస్తే బట్టలో సూది దిగినట్టు ఇటునుంచి అటు పోతుంది, పులి కూడా దాని దారిన అది పోతుంది. ఏనుగుకు మెత్తది వేస్తే గోడకేసి కొట్టిన మట్టిముద్దే" అని పెదనాన్నగారి వ్యాఖ్య.

ఈ మెత్తమూతి గుండుకు మన దేశంతో ఒక విచిత్రమైన సంబంధం వున్నది. కలకత్తా దగ్గర డమ్‌డమ్ అనే చోట బ్రిటిషు సైన్యపు ఆయుధాగారం వుండేది. వాయవ్య సరిహద్దు యుద్ధాలలో తొడుగు పూర్తిగా వున్న .303 గుండ్లు మనుషులలోంచి దూసుకుపోతున్నాయే గాని వారిని ఆపడం లేదని సైనికులు గోల పెట్టారు. 1890ల నడిమి కాలంలో ఆ ఆయుధాగారంలో బెర్టీ క్లే అనే అధికారి తొడుగు మూతిని తీసేసి గుండును తయారు చేయించాడు. ఆ వూరి పేరు ప్రపంచమంతటా ఆ గుండుకు పేరైపోయింది. 1899లో హేగ్ నగరంలో సమావేశమైన దేశాలు, మనిషి శరీరంలో సులభంగా విచ్చుకునే గుండ్లను యుద్ధంలో వాడరాదని ప్రకటన చేశాయి.

చిన్నప్పుడు నాకిది అర్థం కాలేదు. మనుషుల మీద క్రూరమన్నది జంతువు మీద మంచిదెట్లా అయిందని అడిగాను. ఆయన కొంచెంసేపు వూరుకుని, "యుద్ధంలో దెబ్బ తిన్నవాణ్ణి మోసుకుపోవడానికి మనుషులుంటారు, ఆసుపత్రి వుంటుంది. అడవిలో దెబ్బ తిన్నదాన్ని ఎవరు మోస్తారు నాయనా?" అన్నారు. ఆ తర్వాత అన్న మాటే ఈ వ్యాసానికి మూలం. "గుండు ఎంచుకోవడమంటే ఆ జంతువు ఎంతసేపు నొప్పి పడాలో మనం ఎంచుకోవడమే."

దీనికి ఎదురు చెప్పేవాళ్ళు ఆఫ్రికాలో ఏనుగుల వేటకు పేరుపడిన బెల్ అనే స్కాట్లండు దొరను చూపిస్తారు. ఆయన వెయ్యికి పైగా ఏనుగులను కొట్టాడు. వాటిలో ఎక్కువభాగం .275 అనే చిన్న రైఫిలుతోనే, 173 గ్రెయిన్ల గట్టిగుండ్లతోనే. అది తులానికి ఏడు గ్రెయిన్లు తక్కువ! అయితే ఆయన ఏనుగు తలలో మెదడు ఎక్కడుంటుందో అన్ని వైపులనుంచీ శ్రద్ధగా చదువుకున్న మనిషి. గుండు చిన్నదైనా తిన్నగా పోయేది, పోయినచోటు సరైనది. ఆయన్ను చూసి అందరూ చిన్న రైఫిలు పట్టుకుంటే వాతలు పెట్టుకున్న నక్క సామెతే అవుతుంది. తర్వాతి కాలంలో ఆఫ్రికాలో చాలా దేశాలు ప్రమాదకరమైన జంతువులకు .375 కన్నా చిన్నది వాడరాదని కట్టడి చేసుకున్నాయి.

తప్పు గుండు ఏం చేస్తుందో మా వూరు ఒకసారి కళ్ళారా చూసింది. 1961 ప్రాంతం. పట్నంనుంచి ఒకాయన అతిథిగా వచ్చారు. పేరు అనవసరం. మేకల దొడ్డి దగ్గరికి వచ్చిన చిరుతను రాత్రివేళ చాలా దూరంనుంచి కాల్చారు. కౌజుపిట్టలను కొట్టడానికి వాడే, చిన్న చిన్న గుండ్లు నింపిన తూటాతో! చిరుత అరిచి పారిపోయింది. ఆయన తెల్లవారి మొదటి బస్సుకు వెళ్ళిపోయారు. మూడోనాడు గొర్రెలు కాసే పన్నెండేళ్ళ కుర్రవాడు పొదపక్కన నడుస్తుంటే ఆ చిరుత మీదపడింది. వాడు బతికాడు. ఎడమచేయి మాత్రం మళ్ళీ పైకి లేవలేదు.

పెదనాన్నగారు అడవిశాఖ వారికి చెప్పి, వారి మనిషిని వెంటబెట్టుకుని రెండు రోజులు జాడ తీసి, ఒకే గుండుతో దాని బాధ తీర్చారు. చర్మం ఒలిచినప్పుడు భుజంలోనూ తొడలోనూ చీము పట్టిన చిన్న గుండ్లు పదకొండు దొరికాయి. వాటిని ఇత్తడి పళ్ళెంలో వేసి ఆ కుర్రవాడి తండ్రి ముందు పెట్టారు. ఆయన ఏమీ అనలేదు. వాటిని లెక్కపెట్టి లేచి వెళ్ళాడు.

ఇది మా వూరికే పరిమితమైన కథ కాదు. కుమావూ కొండలలో జిమ్ కార్బెట్ 1907లో కాల్చిన చంపావతి ఆడపులి 436 మందిని చంపిందని లెక్క. చచ్చిన తర్వాత నోరు తెరిచి చూస్తే కుడివైపు పై కోర, కింది కోర రెండూ విరిగి వున్నాయి. పాత తుపాకి దెబ్బ. సహజమైన ఆహారాన్ని పట్టలేకపోవడం వల్లనే అది మనుషులమీదికి వచ్చిందని కార్బెట్ రాశాడు. దెబ్బకొట్టి, వెంబడించి కథ ముగించకుండా ఇంటికి వెళ్ళిపోయినవాడి పేరు ఏ చరిత్రలోనూ లేదు.

ఈ విషయం మీద బుర్ర పెట్టి పనిచేసినవారు కూడా వున్నారు. 1946లో జాన్ నోస్లర్ అనే అమెరికా ఆయన కెనడాలో మూస్ అనే పెద్ద దుప్పి వేటకు వెళ్ళాడు. దాని ఒంటినిండా బురద ఎండి అట్టకట్టి వున్నది. వేగంగా పోయే ఆయన గుండ్లు పైపైనే చెదిరిపోయాయి గాని లోపలికి దిగలేదు. ఇంటికి వచ్చి, తొడుగు మధ్యలో అడ్డగోడ వుండే గుండును తయారు చేశాడు. గోడకు ముందున్న సీసం విచ్చుకుంటుంది, వెనకున్న సీసం చెదరకుండా లోతుకు నెట్టుతుంది. మెత్తదీ గట్టిదీ ఒకే గుండులో ఇమిడినట్టయింది. 1948 నుంచి అది అమ్మకానికి వచ్చింది.

ఆ తర్వాత సీసమే లేకుండా పూర్తిగా రాగితో చేసిన గుండ్లు వచ్చాయి. దీనికి ఇంకొక కారణం కూడా కలిసింది. వేటగాళ్ళు అడవిలో వదిలేసిన పేగులలో సీసపు తునకలు మిగిలి, వాటిని తిన్న కాండర్ అనే పెద్ద రాబందులు విషమెక్కి చచ్చిపోతుండేవి. అందుకని కాలిఫోర్నియా రాష్ట్రం 2019 జులై 1 నుంచి వేటలో సీసపు గుండ్లను పూర్తిగా మానిపించింది. గుండు చేసే పని అది తగిలిన జంతువుతోనే ఆగిపోదని పెదనాన్నగారికి తెలియదు. తెలిస్తే సంతోషించేవారు.

మనకిప్పుడు ఇదంతా దేనికని అడగవచ్చు. అవసరం పూర్తిగా తీరలేదు. మనిషి ప్రాణానికి అపాయమైనప్పుడు అనుమతి ఇచ్చే అధికారం 1972 చట్టంలోనే వున్నది. పంటలను పాడుచేసే అడవిపందుల విషయంలో కేరళ ప్రభుత్వం 2022లో అనుమతి ఇచ్చే అధికారాన్ని స్థానిక సంస్థలకు అప్పగించింది. ఏనుగులున్నాయి. మన హోసూరు అడవులనుంచి 1980లలో చిత్తూరు జిల్లా వైపు కదిలిన మందల మూలంగానే అక్కడ 1990లో కౌండిన్య అభయారణ్యం ఏర్పడింది. ఇప్పుడు ఏనుగు మీదికి పోయేది గుండు కాదు, మత్తుమందు సూది. అయినా పశువైద్యుడికీ అదే చింత. దూరంనుంచి చూసి బరువు అంచనా వేయాలి. మందు తక్కువైతే ఏనుగు సగం మత్తులో జనంలోకి పరుగెత్తవచ్చు. ఎక్కువైతే ఊపిరి ఆగిపోవచ్చు. బోర్లా పడితే దాని బరువే దాని ఊపిరిని నొక్కేస్తుంది. దగ్గరలో చెరువో గుంతో వుంటే మత్తులో అందులో పడిపోతుంది. ఇవన్నీ మీట నొక్కకముందే ఆలోచించుకోవాలి.

చేతిలో ఆయుధం వున్నవాడు ముందుగా ఆలోచించవలసింది ఎదుటి ప్రాణి పడే నొప్పిని గురించి. మా ఇంట్లో రైఫిలు లేదు, లైసెన్సు పుస్తకం కూడా చెదలు పట్టింది. ఈ ఒక్క మాట మాత్రం మా పిల్లలకు చెప్పుకుంటున్నాము. మన పాఠకుల ఇళ్ళలోనూ అడవి అంచున బతికిన పెద్దలు చెప్పిన ఇటువంటి మాటలు ఎన్నో వుండి వుంటాయి. వారు వుండగానే అడిగి రాసిపెట్టుకోండి.