గ్లాక్ ఏం చేశాడని?

ఐదో స్థానం కోసం ఇంతలా చచ్చిచెడి పోరాడిన రేసు ఫార్ములా వన్‌లో ఇంకోటి ఉందో లేదో! 2008 నవంబరు 2న, ఆ సీజన్ ఆఖరి రేసులో, సావో పాలోలోని ఇంటర్‌లాగోస్ ట్రాక్ మీద మెక్‌లారెన్ కుర్రాడు లూయిస్ హామిల్టన్‌కి గెలుపు అక్కర్లేదు. అప్పటికి అతనికి 94 పాయింట్లు, ఫెరారీ డ్రైవర్ ఫెలిపే మాసాకి 87. మాసా గెలిచి పది పాయింట్లు పట్టుకుపోయినా, ఐదో స్థానానికిచ్చే నాలుగుతో హామిల్టన్ ఒక్క పాయింటు ముందుంటాడు. అదే ఆరో స్థానమైతే ఇద్దరూ 97 దగ్గర సమానం. అప్పుడు ఎక్కువ రేసులు గెలిచిన మాసాదే టైటిల్.

మాసాది ఆ ఊరే. ముందువరుసలో మొదలుపెట్టి, తన పని తాను తప్పు లేకుండా చేసుకుపోయాడు. గొడవంతా వెనకాల. 71 ల్యాపుల రేసు ఇంకాసేపట్లో ముగుస్తుందనగా వాన మళ్లీ అందుకుంది. హామిల్టన్‌తో సహా ముందున్నవాళ్లందరూ పిట్‌లోకి వెళ్లి తడి టైర్లు వేయించుకున్నారు. టొయోటా జట్టు మాత్రం తన ఇద్దరు డ్రైవర్లు టిమో గ్లాక్‌నీ, యార్నో ట్రుల్లీనీ పొడి టైర్ల మీదే ఉంచేసింది. దాంతో ఏడో స్థానంలో ఉన్న గ్లాక్ నాలుగోవాడయ్యాడు. పైగా చివరి ల్యాపుల్లో సెబాస్టియన్ వెటెల్ హామిల్టన్‌ని దాటేశాడు. హామిల్టన్ ఆరోవాడు!

మాసా గీత దాటాడు. ఫెరారీ గరాజ్‌లో అతని తండ్రి గంతులు వేస్తున్నాడు. సరిగ్గా 38.9 సెకన్ల తర్వాత హామిల్టన్ వచ్చాడు, ఐదోవాడిగా. చిట్టచివరి మలుపు దగ్గర జారిపోతూ పాకుతున్న గ్లాక్‌ని దాటేశాడు మరి. పోడియం మీద మాసా ఏడుస్తూ గుండె చరుచుకున్నాడు.

ఆ తర్వాత గ్లాక్ పాట్లు చెప్పనలవి కాదు. హామిల్టన్‌కి కావాలనే దారి వదిలాడన్నారు, బెదిరింపులొచ్చాయి. గట్టు తగాదాలో దారిన పోయేవాడికి తగిలిన కర్ర దెబ్బ ఇది. తడిసిన ట్రాక్ మీద పొడి టైరు పట్టదు. గ్లాక్ ఆఖరి ల్యాపుకి నిమిషం 44 సెకన్లు పైగా పట్టింది. అదే టైర్ల మీదున్న ట్రుల్లీకీ దాదాపు అంతే పట్టింది. అతన్ని ఎవరూ తిట్టలేదు, దాటినవాడు హామిల్టన్ కాదు కాబట్టి! అసలు గ్లాక్ ముగించింది ఆరో స్థానంలో, అంటే టొయోటా జూదం ఒక మెట్టు లాభమే తెచ్చింది. అతను పరుగెత్తింది తన రేసు.

నా లెక్కలో మాసా టైటిల్ పోయింది ఆ మలుపు దగ్గర కాదు. హంగరీలో మూడు ల్యాపులు ఉండగా, ముందున్న అతని ఇంజను పేలిపోయింది. సింగపూర్‌లో ఇంధనం పట్టే గొట్టం ఊడకముందే ఫెరారీ వాళ్లు పచ్చలైటు వెలిగించారు. కారు గొట్టాన్ని ఈడ్చుకుంటూ వెళ్లింది, మాసా 13వ స్థానంలో ముగించాడు. సిల్వర్‌స్టోన్ వానలో గింగిరాలు తిరిగింది మాత్రం అతని స్వయంకృతం. హామిల్టన్ కూడా తక్కువేం తినలేదు. కెనడాలో పిట్ దారి చివర ఎర్రలైటు దగ్గర ఆగిన మరో ఫెరారీ డ్రైవర్ రైకోనెన్ కారుని వెనకనుంచి గుద్దాడు. బెల్జియంలో ముందు వచ్చి కూడా 25 సెకన్ల జరిమానాతో ఆ గెలుపు మాసాకి సమర్పించాడు. ఇంత పారబోసుకున్న సీజన్లో ఒక్క పాయింటు ఎక్కడ పోయిందో వెతకడానికి చోట్లు తక్కువా?

మాసా కూడా వెతికాడు. సింగపూర్‌లో అతన్ని పిట్‌లోకి రప్పించిన సేఫ్టీ కారు, రెనో జట్టు కావాలని చేయించిన ప్రమాదం వల్ల వచ్చిందని 2009లో బయటపడింది. దాని మీద 2024లో లండన్ హైకోర్టుకెక్కాడు. ప్రతివాదులు కారు రేసుల ప్రపంచ సంస్థ ఎఫ్ఐఏ, ఫార్ములా వన్ మేనేజ్‌మెంట్, ఫార్ములా వన్ అప్పటి అధిపతి బెర్నీ ఎకిల్‌స్టోన్. గ్లాక్ జోలికి పోలేదు.