చెట్టు ఎక్కకుండానే

ఇంటి మీదికి వాలిన కొబ్బరిచెట్టును కొట్టించాలంటే, పడితే ఎంత దూరం పడుతుందో ముందు తేల్చుకోవాలి. కంటి అంచనాను ఇక్కడ నమ్మకూడదు. మొదట్లో నిలబడి తలెత్తి చూస్తే ఏ చెట్టయినా ఆకాశాన్ని అంటినట్టే ఉంటుంది.

అందుకే నాకు కర్ర లెక్కంటే ఇష్టం. చెయ్యి తిన్నగా చాచి, కంటి నుంచి పిడికిలి దాకా ఎంతుందో అంత పొడవు పిడికిలి పైన ఉండేలా కర్రను నిటారుగా పట్టుకోవాలి. ఒక కన్ను మూసి వెనక్కి నడవాలి. పిడికిలి చెట్టు మొదలుకీ, కర్ర కొస చిటారుకీ సరిపోయిన చోట ఆగాలి. అక్కణ్ణుంచి చెట్టు దాకా ఎంత దూరమో చెట్టు అంత ఎత్తు. ఆ చోటు దొరికినప్పుడల్లా నాకు ఒళ్లు పులకరిస్తుంది. అయితే వాలిన చెట్టు విషయంలో ఒక జాగ్రత్త ఉంది. వాలుకు పక్కగా నిలబడి కొలవాలి. పడేటప్పుడు లెక్కకొచ్చేది ఎత్తు కాదు, కాండం పొడవు. అది ఇంకాస్త ఎక్కువే ఉంటుంది.

నీడ లెక్క అందరికీ తెలిసిందే. మీటరు కర్ర నీడ 80 సెంటీమీటర్లున్న వేళ చెట్టు నీడ 12 మీటర్లుంటే చెట్టు 15 మీటర్లు. వినడానికి తేలికే గానీ కొబ్బరి నీడ కొసకు వెళ్లి చూడండి. అక్కడ గీత గీసినట్టు ఏమీ ఉండదు. ఆకుల నీడ పలచబడి, చెదిరి, మట్టిలో కలిసిపోతుంది. సూర్యుడు చుక్క కాదు, మన కంటికి అర డిగ్రీ వెడల్పున్న బింబం. నీడ ఎంత పైనుంచి పడితే అంచు అంత మసకబారుతుంది.

మన పూర్వులకు ఈ విద్య మీద ఎంత మక్కువో! మహావీరాచార్యుడి గణితసార సంగ్రహంలో నీడల లెక్కలకు ఒక అధ్యాయమే ఉంది. పావులూరి మల్లన తెలుగు చేసింది ఆ గ్రంథాన్నే. 1150లో సిద్ధాంత శిరోమణి రాసిన భాస్కరాచార్యుడు రకరకాల యంత్రాలను వర్ణించి, అన్నిటికన్నా గొప్పది ధీయంత్రమన్నాడు. బుద్ధి ఒక్కటి ఉంటే చేతిలో కర్ర చాలునన్నమాట. దాంతో వెదురు ఎత్తూ దూరమూ తేల్చడం, నీళ్లలో దాని ప్రతిబింబాన్ని చూసి లెక్కకట్టడం కూడా చెప్పాడు.

మామిడి, నిద్రగన్నేరు లాంటి గుబురు చెట్లు దగ్గర్నుంచి చూస్తే మోసం చేస్తాయి. మన వైపు చాచిన కొమ్మ అసలు చిటారును కప్పేస్తుంది. దాన్నే చివర అనుకుంటే ఎత్తు ఎక్కువ తేలుతుంది. బాగా దూరం జరిగి చూడాల్సిందే.

పదో తరగతి లెక్కల పుస్తకంలో త్రికోణమితి అనువర్తనాలని పాఠం ఉంది. బడి ఆవరణలో వేపచెట్టు ఉండగానే పిల్లలు దాన్ని బల్లల మీద కూర్చుని ముగిస్తారు. నాకది నిజంగా బాధ. జామెట్రీ బాక్సులోని కోణమానిని చాలు. మధ్య బిందువు దగ్గర దారం కట్టి గులకరాయి వేలాడదీయాలి. దాన్ని తలకిందులుగా పట్టుకుని తిన్నని అంచు వెంట చిటారును చూడాలి. దారం 90 గీత నుంచి 45 డిగ్రీలు జరిగేదాకా ముందుకో వెనక్కో నడవాలి. అప్పుడు చెట్టు దాకా ఉన్న దూరానికి, చూసినవాళ్ల కంటి ఎత్తు కలిపితే చెట్టు ఎత్తు వస్తుంది. పొట్టిపిల్ల ఆగే చోటు వేరు, పొడుగుపిల్ల ఆగే చోటు వేరు. ఇద్దరి నోట్‌బుక్కుల్లోనూ జవాబు ఒకటే పడుతుంది.