దుర్గం చెరువు చెప్పే కోట కథ

పిల్లలూ! మీరు హైదరాబాదు వెళ్ళినప్పుడు హైటెక్ సిటీ పక్కనున్న దుర్గం చెరువు చూసి రండి. దానిమీద 2020లో ప్రారంభించిన తీగల వంతెన వున్నది. ఆ వంతెన మీద నిలబడితే కింద నీళ్ళు, ఒడ్డున పెద్ద పెద్ద రాతిబండలు, వాటి వెనక అద్దాల మేడలు కనిపిస్తాయి. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన తరవాత, ఈ చుట్టుపక్కల మేడలు ఒకదాని వెనక ఒకటి లేచాయి. చెరువు మాత్రం వాటన్నిటికన్న ఎంతో పాతది.

దానికి "దుర్గం" అని పేరెందుకు వచ్చిందో తెలుసా? దుర్గం అంటే కోట. ఇక్కడికి కొద్ది కిలోమీటర్ల దూరంలోనే గోలకొండ కోట వున్నది. కుతుబ్‌షాహీల కాలంలో ఈ చెరువు నీరే కోటలోని వారికి తాగటానికి వెళ్ళేది.

కాకతీయుల నాడు గోలకొండ మట్టికోట. 16వ శతాబ్దంలో కుతుబ్‌షాహీలు దాన్ని బలమైన రాతికోటగా మార్చారు. బయటి గోడకు 87 బురుజులు, 8 ద్వారాలు. కోట ప్రవేశద్వారం కింద నిలబడి చప్పట్లు కొడితే, ఆ చప్పుడు కొండమీది బాలా హిసారులో వినిపిస్తుంది!

సరే, శత్రువు వచ్చి కోట చుట్టూ విడిది చేశాడనుకోండి. గోడలు ఎంత బలమైనవైనా, లోపల నీళ్ళు లేకపోతే ఎన్నాళ్ళు ఆగగలరు? అందుకే గోలకొండలో నీటిచక్రాలతో నీటిని తొట్టి నుంచి తొట్టికి పైకెత్తి, మట్టిగొట్టాల ద్వారా కొండమీదికి పంపేవారు.

ఈ చింత మన కోట ఒక్కదానిదే కాదు. క్రీ. పూ. 701లో అస్సీరియా రాజు సన్హెరీబు యూదా దేశం మీద దండెత్తాడు. లాకీషు కోటనగరం అతని చేతికి చిక్కింది. యెరూషలేము మాత్రం చిక్కలేదు. అక్కడి రాజు హిజ్కియా గోడ బయటి ఊట నీటిని నగరంలోకి మళ్ళించాడని బైబిలు చెబుతున్నది. కొండరాతిని రెండు వైపుల నుంచీ తొలుచుకుంటూ వచ్చి, మధ్యలో కలిపిన ఆ సొరంగం పొడవు 533 మీటర్లు. నేటికీ అందులో నడవవచ్చు.

ఇక మన గోలకొండ సంగతి. 1687లో ఔరంగజేబు పెద్ద సేనతో వచ్చి కోటను చుట్టుముట్టాడు. ఫిరంగులు పేల్చాడు, మందుపాతరలు పెట్టించాడు. వానలూ, కరువూ అతని సేననే బాధించాయి. ఎనిమిది నెలలు గడిచినా కోట లొంగలేదు. చివరకు ఏమైంది? లోపలి సేనాని ఒకడు లంచానికి ఆశపడి, రాత్రివేళ తలుపు తెరిపించాడు. అబ్దుల్ రజాక్ లారీ అనే వీరుడు ఒళ్ళంతా గాయాలైనా వెనుదిరగక పోరాడాడు. కాని అప్పటికే ఆలస్యమైంది. రాజు అబుల్ హసన్ తానీషా బందీ అయ్యాడు.

చూశారా! ఎనిమిది నెలలు ఫిరంగులు చేయలేని పనిని లోపలివాడు ఒక్క రాత్రిలో చేశాడు.

ఇప్పుడు మళ్ళీ చెరువు దగ్గరకు వద్దాం. ఈ రోజుల్లో దాని మీదికి ఏ సేనా రాలేదు. అయినా మురుగునీరు వచ్చి కలిసింది, గుర్రపుడెక్క అల్లుకున్నది. అవి ఏ శత్రువు పంపినవి? మనవే! ఒకప్పుడు కోట దాహం తీర్చిన నీరు అది. మీ ఊరి చెరువు కూడా అలాంటిదే. దానికి గోడలు లేవు, బురుజులు లేవు. కాపలాదారులు మీరే. చేతిలోని చెత్తను నీటిలోకి విసరబోయేముందు, గోలకొండ తలుపు తెరిచిందెవరో ఒక్కసారి గుర్తు చేసుకోండి.